డాక్టర్ సాబ్‌ను మెచ్చుకున్న ఊరు

మా ఊళ్ళో ఒక మనిషిని ఇప్పటికీ డాక్టర్ సాబ్ అనే అంటారు. వాడు డాక్టరు కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసే అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ ముఖాల్లో ఒక వెలుగు వస్తుంది. సొంత ఊరి పహిల్వాను గురించి చెప్పుకుంటున్నట్టు ఛాతీ కొంచెం పొంగుతుంది. "అబ్బ, ఏం బుర్రనే వానిది!" అంటారు. ఆ మాట చెవిన పడగానే నేను అక్కడి నుంచి లేచిపోతాను. ఈ వయసులో కూడా అంత కోపమెందుకని మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

ఆకలికి రెండు జొన్నకంకులు విరుచుకున్న మనిషిని మా ఊరివాళ్ళు గుంజకు కట్టేసి కొట్టడం నేను చూశాను. ఆ మనిషి తెలివిని ఎవరూ మెచ్చుకోలేదు. వాడికి షేర్వాని లేదు మరి. షేర్వాని తొడుక్కుని, నాలుగు భాషల్లో తియ్యగా మాట్లాడి, నవ్వుతూ నవ్వుతూ మన కళ్ళు పొడిచి పోయినవాడిని మాత్రం కథ చేసుకుని దాచుకుంటాం. వాడు పొడిచింది మన కళ్ళు కాకుండా పక్కింటివాడి కళ్ళైతే కథ ఇంకా రుచిగా ఉంటుంది.

వాడు పొడిచింది మా నాయిన కళ్ళు.

నారాయణపేటలో నేతగాళ్ళ వాడలో మాది రెండు మగ్గాల ఇల్లు. ఒక మగ్గం నాయినది, ఒకటి నాది. నాకప్పుడు ఇరవై దాటాయి, పెళ్ళయి ఏడాదైంది. జర్మనీ లడాయి నడుస్తున్న రోజులు. నూలు సావుకారు దయ మీద దొరికేది. ఆయనే నూలు ఇచ్చి, నేసిన చీరలు తీసుకునేవాడు. వాడంతా ఆయన చేతి కిందనే బతికేది.

నాయిన నోరు తక్కువ మనిషి. పొద్దున మగ్గం గుంతలోకి కాళ్ళు దించితే మధ్యాహ్నం జొన్నరొట్టెకే పైకి లేచేవాడు. చీర అంచు నేయడంలో ఆయనకు పేరుంది. ఎర్రంచు ఎక్కడ ఆగాలో, పసుపు ఎక్కడ అందుకోవాలో ఆయన చేతికి తెలిసినంత మా వాడలో ఎవరికీ తెలియదనేవారు. ఎవరైనా పొగిడితే "ఆఁ" అనేవాడు, అంతే. మా అమ్మతో కూడా రోజుకు పది మాటలకు మించి మాట్లాడిన గుర్తు లేదు నాకు.

ఆ మనిషికి కళ్ళలో పొరలు వచ్చాయి. ముందు దీపం చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయన్నాడు. తరువాత తెగిన పోగు కనిపించడం మానేసింది. ఆయన అన్నానికి లేచినప్పుడు నేను పోయి ఆయన మగ్గం మీద తెగిన పోగులు ముడివేసి వచ్చేవాణ్ణి. వేలితో తడిమి నా ముడులు పట్టేసేవాడు. ఆ రోజంతా నా ముఖం చూసేవాడు కాదు.

సర్కారు దవాఖానలో కాంపౌండరు ఉండేవాడు, మంచివాడు. నాయిన కళ్ళు చూసి, "శుక్లాలు పండుతున్నయ్. పట్నం పెద్ద దవాఖానకు తోల్కపోండ్రి. ఆడ కోసి తీస్తరు. భయం లేదు," అన్నాడు.

పట్నం అంటే నాయినకు భయం. "పట్నం దవాఖానకు పోయినోడు కాళ్ళు ముందటవెట్టి వస్తడు," అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. మేమూ ఎక్కువ బలవంతం చేయలేదు. పట్నం పోతే రెండు నెలలు మగ్గం ఆగుతుంది.

అలాంటప్పుడు వచ్చాడు వాడు.

బొగ్గుతో నడిచే బస్సు దిగాడు. తెల్ల షేర్వాని, రూమీ టోపీ, బంగారు చట్రం అద్దాలు, చేతిలో ఇత్తడి మూలలున్న చెక్కపెట్టె. ఎవరినీ ఏమీ అడక్కుండా నేరుగా సావుకారు దుకాణానికి పోయి, "మంచినీళ్ళు దొరుకుతయా సేఠ్?" అన్నాడట. నీళ్ళు తాగుతూ సావుకారు కళ్ళలోకి చూసి, "మీరు రాత్రిపూట లెక్కలు చూడడం తగ్గించాలె," అన్నాడట. సావుకారు ఎగిరి గంతేశాడు. లెక్కలు చూడని సావుకారు ఎక్కడ ఉంటాడు? ఆ మాత్రం ఆలోచన ఆయనకు తట్టలేదు. సాయంత్రానికల్లా డాక్టర్ సాబ్ సావుకారు మేడమీది గదిలో దిగాడు. ఆయన నిజాం సర్కారు పెద్ద దవాఖానలో కళ్ళ డాక్టరని, నవాబుల బేగములకు చేసిన చేతులని, మొక్కుకుని పల్లెల వెంట తిరిగి పేదలకు పుణ్యానికి చేస్తున్నాడని మర్నాటికి ఊరంతా పాకింది. ఈ మాటలేవీ వాడు స్వయంగా చెప్పలేదట. ఒకసారి నిట్టూర్చి, "ప్యాలెస్‌ల ఉన్నప్పుడు..." అని ఆగిపోయాడట. మిగతాది ఊరే పూర్తి చేసుకుంది. వాడి పనిలో సగం మా ఊరే చేసిపెట్టింది. ఈ సగాన్ని ఎవరూ కథలో చెప్పరు.

సావుకారు మా నాయినకు కబురు పంపాడు. "నీ అసొంటి పనోడు గుడ్డోడైతే నా దుకాణం ఏంగావాలె? దేవుడే పంపిండనుకో," అన్నాడు. నాయిన ఒప్పుకున్నాడు. పట్నం పోనక్కరలేదు, మగ్గం ఆగదు, వారంలో చూపు వస్తుంది. నేనూ సంతోషించాను.

సావుకారు ఇంటి అరుగు మీద చాప పరిచారు. బజారు బజారంతా వచ్చింది. పక్కింటి గోడల మీద కూడా మనుషులు ఎక్కారు. డాక్టరు వాళ్ళందరినీ చూసి, చేయి ఎత్తి సలాం చేశాడు. పెట్టె తెరిచి సూది తీశాడు. పొడుగ్గా, సన్నగా ఉంది. దాన్ని జేబులోని దస్తీతో తుడిచాడు.

అమ్మ ముందుకు వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుని, "సారూ, ఒక్క కన్ను జెయ్యుండ్రి ఇయ్యాల. బాగైతే గప్పుడు రెండోది జేద్దురు," అంది.

డాక్టరు నవ్వాడు. కోపం లేదు, వెటకారం కూడా లేదు, చాలా మర్యాదగా నవ్వాడు. "అమ్మా, ఒక్క చక్రం మీద బండి నడుస్తదా?" అన్నాడు.

అరుగు కింద ఉన్న అంతమందీ ఒక్కసారి నవ్వారు. మా అమ్మ కొంగు ఇంకా ముందుకు లాక్కుని వెనక్కి జరిగింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మోసగాడి మాటకు నవ్వడమంటే వాడితో చేయి కలపడమే అని నాకు ఆ రోజు తెలియదు.

నాయినను ఇద్దరు పట్టుకున్నారు, నేను తల పట్టుకున్నాను. సూది గుచ్చి కంటి పొరను కిందికి నెట్టాడు. నాయిన అరవలేదు. వేళ్ళు మాత్రం చాపలోకి దిగాయి. రెండు కళ్ళూ అయ్యాక డాక్టరు చేయి ఎత్తి, "ఎన్ని వేళ్ళు బాబా?" అన్నాడు.

నాయిన చాలాసేపు చూశాడు. "మూడు," అన్నాడు.

జనం కేకలు వేశారు. ఎవడో ఈల వేశాడు. నాయిన తల తిప్పి అమ్మ వైపు చూసి, "ఎర్రంచు చీర కట్టినవు," అన్నాడు. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సావుకారు నా భుజం చరిచాడు.

డాక్టరు డబ్బు ముట్టనన్నాడు. "మా అమ్మకు ఒక చీర ఇయ్యుండ్రి, చాలు," అన్నాడు. మగ్గం మీద నుంచి అప్పుడే కోసిన చీర ఇచ్చాం. అది నాయిన చేతి చివరి చీర. కళ్ళకు కట్టు కట్టి, వారం దాకా విప్పవద్దన్నాడు. అదే రోజు ఇంకో నలుగురైదుగురికి చేశాడు. మర్నాడు పొద్దున మక్తల్‌లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని చెప్పి బస్సెక్కాడు. ఊరు ఊరంతా పోయి సాగనంపింది.

మూడోనాటికి నొప్పి మొదలైంది. తరువాత కట్టు కింద నుంచి చీము కారింది. వారం దాకా విప్పవద్దన్నాడని నాయిన మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. డాక్టరు మాట మీద అంత నమ్మకం. ఆగలేక నేను కాంపౌండరును పిలుచుకొచ్చాను. ఆయన కట్టు విప్పి, చూసి, బయటికి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. "ఏం మిగల్లేదు," అన్నాడు. మిగతావాళ్ళకూ అంతే. ఒకామె జ్వరం వచ్చి చనిపోయింది.

ఊరు కొన్నాళ్ళు గమ్మున ఉంది. సావుకారు వీధిలోకి రాకుండా దుకాణంలోనే కూర్చునేవాడు. అప్పటికైతే వాళ్ళలో కొంత సిగ్గు ఉండిందనుకుంటాను.

ఆ సిగ్గు ఎక్కువ రోజులు నిలవలేదు. ఎండాకాలంలో కబురు వచ్చింది. డాక్టర్ సాబ్‌ను గుల్బర్గా దగ్గర పట్టుకున్నారట. వాడు అసలు ఒక నాటక కంపెనీలో వేషాలు వేసేవాడట. కంపెనీ మూతపడ్డాక ఒక ఊళ్ళో తహసీల్దారునని చెప్పి పది రోజులు కచేరీ నడిపాడట. పట్వారీలు చేతులు కట్టుకుని నిలబడ్డారట. ఇంకో ఊళ్ళో హాజీనని చెప్పుకుని పెళ్ళి విందులు తిన్నాడట. ఈ కబుర్లు రాగానే మా బజారులో చాయ్ హోటలు కిటకిటలాడింది. రోజుకో కొత్త కథ. ఏ కథను ఎక్కడి నుంచి తెచ్చారో తెలియదు, కానీ తెచ్చినవాడికి చాయ్ ఉచితం.

సావుకారు దుకాణం గద్దె మీద ముందుకు జరిగి కూర్చున్నాడు. "నా ఇంట్లనే తిన్నడు, నా మేడమీదనే పన్నడు. నాకే తెల్వనియ్యలే! నన్నే బోల్తా కొట్టిచ్చిండంటే వాడు ఎంతటోడై ఉండాలె?" అనేవాడు. మోసపోయినందుకు గర్వపడే మనిషిని నేను చూడడం అదే మొదలు. చిన్న మోసగాడి చేతిలో మోసపోతే తాను వెర్రివాడవుతాడు. గొప్ప మోసగాడి చేతిలో మోసపోతే తానూ కొంత గొప్పవాడే. అందుకే వాణ్ణి రోజురోజుకూ పెద్దవాణ్ణి చేశాడు. చనిపోయినామె పేరు ఆ గద్దె దగ్గర ఒక్కసారి కూడా వినలేదు నేను.

వాడిని మా ఊరి అదాలత్‌కు తెచ్చిన రోజు జాతరే. మరమరాలు అమ్మేవాళ్ళు, మిరపకాయ బజ్జీల పొయ్యిలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. నాయినను గవాహీకి, అంటే సాక్ష్యానికి, పిలిచారు. నేను చేయి పట్టుకుని తీసుకుపోతుంటే జనం మాకు దారి ఇవ్వలేదు, వాళ్ళు ఇంకో వైపు తొంగి చూస్తున్నారు. సంకెళ్ళతో వాడు వచ్చాడు. షేర్వాని మాసింది, కానీ గుండీలన్నీ పెట్టుకున్నాడు. జనాన్ని చూసి, అరుగు మీద చేసినట్టే చేయి ఎత్తి సలాం చేశాడు. "డాక్టర్ సాబ్! డాక్టర్ సాబ్!" అని కేకలు. ఎవడో బీడీకట్ట విసిరాడు. జవాను దాన్ని ఏరి వాడికే ఇచ్చాడు.

లోపల నాయినను నిలబెట్టారు. వాడి వైపు వకీలు నవ్వు ముఖం మనిషి. "పెద్దమనిషీ, సూది వెట్టినంక డాక్టరు ఎన్ని వేళ్ళు చూపిండు?" అని అడిగాడు.

"మూడు," అన్నాడు నాయిన.

"కనవడ్డయా?"

"కనవడ్డయ్."

"అంటే చూపు వచ్చినట్టే గదా?"

కిటికీల్లో వేలాడుతున్న జనం ఫక్కున నవ్వారు. మున్సిఫ్ సాబ్ కూడా మీసం కింద నవ్వాడు. నాయిన ఎటు తిరగాలో తెలియక తల అటూ ఇటూ తిప్పాడు. అప్పుడు ఆ మోసగాడు మెల్లగా, దయగా, "బాబా, ఖైరియత్? బాగున్నవా?" అన్నాడు.

ఆ గొంతు గుర్తుపట్టి నాయిన రెండు చేతులూ జోడించాడు.

ఎందుకు జోడించాడో నాకు తెలియదు. అలవాటు కావచ్చు, షేర్వానీ గొంతు వింటే మా చేతులు వాటంతట అవే లేస్తాయి. నేను ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. జనానికి అది ఇంకా నచ్చింది. "సూసిండ్రా, కండ్లు తీసినోనికి దండం వెట్టిచ్చుకున్నడు!" అని బయట ఒకడు తొడ చరుచుకున్నాడు.

వాడికి శిక్ష పడింది, జైలుకు పంపారు. జనం మాత్రం ఆట మధ్యలో ఆగిపోయినట్టు ముఖాలు పెట్టుకుని ఇళ్ళకు పోయారు. "గసొంటి తెలివిని జైల్ల వెట్టుడు పాపం. సర్కారు పిలిచి కొలువియ్యాలె," అని సావుకారు తీర్పు చెప్పాడు.

ఇంతవరకు జరిగింది ఎక్కడైనా జరిగేదే అనుకోవచ్చు. తరువాత మా ఇంట్లో జరిగింది రాయడమే నాకు కష్టం.

చూపు పోయాక నాయిన గడప పక్కన కూర్చునేవాడు. అమ్మ రాట్నం ముందు పెడితే కండెలకు నూలు చుట్టేవాడు. చేతులు ఆడేవి, మనిషి లేడు. మొదట్లో ఓదార్చడానికి వచ్చినవాళ్ళు తరువాత రావడం మానేశారు. గుడ్డివాడి పక్కన ఎంతసేపు కూర్చుంటారు? అదాలత్ జరిగిన తరువాత మళ్ళీ రావడం మొదలుపెట్టారు. ఓదార్చడానికి కాదు. "నీకు సూది వెట్టినప్పుడు వాడు ఏమన్నడే? ఎట్ల సూసిండు? వాని చెయ్యి వణికిందా?" అని అడగడానికి.

నాయిన మొదట "ఆఁ, ఏమున్నది" అని ఊరుకున్నాడు. ఒక సాయంత్రం పొరుగూరి వాళ్ళెవరో వచ్చి అడిగితే, కండె పక్కన పెట్టి, చెప్పాడు. నేను మగ్గం గుంతలో ఉండి విన్నాను. నా జీవితంలో నాయిన అంతసేపు మాట్లాడగా వినడం అదే. వాళ్ళు నవ్వారు, నాలుకలు చప్పరించారు, "ఆహా" అన్నారు. పోతూ పోతూ "మల్ల వస్తమే" అన్నారు. ఆ రాత్రి నాయిన రెండో రొట్టె అడిగి తిన్నాడు.

తరువాత కథ పెరిగింది. డాక్టరు గొంతు తెచ్చుకుని "ఎన్ని వేళ్ళు బాబా?" అనేవాడు. మూడు వేళ్ళు ఎత్తేవాడు. ఇనుప సూది బంగారు సూది అయింది. వాడి ఒంటి మీద అత్తరు వాసన వచ్చింది. "ఒక్క చక్రం మీద బండి నడుస్తదా?" అన్నచోట ఆగి, జనం నవ్వే దాకా చూసేవాడు. చూసేవాడు అని రాశాను, అలవాటు. నవ్వు వినబడే దాకా ఆగేవాడు. చివర "నా కండ్లు తీసినోడు మామూలోడు గాదు" అనేవాడు. అది అనేటప్పుడు గొంతు సావుకారు గొంతులాగే ఉండేది.

సావుకారుకు ఇది తెలిసింది. పై ఊళ్ళ వర్తకులు వచ్చినప్పుడు నాయినను దుకాణానికి పిలిపించి గద్దె పక్కన కూర్చోబెట్టి చెప్పించేవాడు. చాయ్ ఇప్పించేవాడు. ఇన్నేళ్ళు ఆయనకు చీరలు నేసిన మనిషికి గద్దె పక్కన చోటు అప్పుడు దొరికింది. నేను ఒకసారి, "పోకు నాయినా. వాళ్ళు నిన్ను జూసి నవ్వుతున్నరు," అన్నాను. "నవ్వనియ్యి. వస్తున్నరు గదా," అన్నాడు.

అమ్మ ఏడాదికి పైగా ఏమీ అనలేదు. ఒక రోజు షోలాపురం నుంచి వర్తకులు వచ్చారని సావుకారు మనిషిని పంపాడు. నాకు మగ్గం మీద పని ఉంది. అమ్మ, "నేను తోల్కవోత," అని నాయిన చేయి పట్టుకుని బయలుదేరింది. నాకు ఎందుకో నచ్చక, పని వదిలేసి వెనక నడిచాను.

దుకాణం ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. నాయిన మొదలుపెట్టాడు. అమ్మ స్తంభం పక్కన నిలబడింది. బస్సు దిగడం అయింది, సలాం అయింది, బంగారు సూది అయింది. "ఇగ మా ఇంటిది ముందుకచ్చి, ఒక్క కన్ను జెయ్యుండ్రి అన్నది. గప్పుడు డాక్టర్ సాబ్..." అని ఆగాడు. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"నేను జెప్త మిగిలింది," అంది అమ్మ.

అందరూ అటు తిరిగారు. అమ్మ గొంతు పెంచలేదు. వంట సంగతి చెబుతున్నట్టే చెప్పింది.

"బంగారు సూది గాదు, ఇనుప సూది. ముక్కు తుడుసుకునే దస్తీకి తుడిసి పొడిసిండు. మూడో దినం కట్టు కిందికెల్లి చీము కారింది. ఆ వాసనకు నా కోడలు వాకిట్ల గూసుండి అన్నం తిన్నది. ఈ మనిషి నోట్లె బట్ట కుక్కుకున్నడు, పక్కింట్ల పసిపిల్లలు జడుసుకుంటరని. కట్టు ఇప్పినంక నన్ను పొద్దు పొడిసిందా అని అడిగిండు. పొద్దు గప్పటికే పొడిసి ఉన్నది. ఇంక పొడువలేదయ్యా, పండుకో అన్న. మల్ల అడిగిండు. మల్ల గదే అన్న. నా నోటికెల్లి నిజం రాలే. ఆయినకే తెలిసిపోయింది, కోడి కూసి, పిల్లలు బడికి వోయి, జొన్నరొట్టె వాసనొచ్చినంక. గిప్పుడు నవ్వుండ్రి. ఎందుకు ఆగిన్రు?"

ఎవరూ నవ్వలేదు. షోలాపురం వర్తకుల్లో ఒకడు కండువా సర్దుకున్నాడు. ఇంకొకడు అమ్మ వైపు తిరిగి, "గదంతా ఎందుకమ్మా గిప్పుడు? మంచిగ నడుస్తున్న ముచ్చటను..." అన్నాడు. సావుకారు చీరల మూట విప్పమని గుమాస్తాను కేక వేశాడు. అమ్మ నాయినను లేపింది.

ఇల్లు చేరాక నాయిన చేయి విడిపించుకుని, "నా కండ్లు వాడు గుంజుకపాయె. మిగిలింది గీ ఒక్క ముచ్చట. గిది నువ్వు గుంజుకుంటివి," అన్నాడు.

అమ్మ నీళ్ళ కుండ దగ్గరికి పోయి, చెంబు ముంచి, ఆయన చేతికి అందించింది. ఆయన తీసుకోలేదు.

ఆ రోజు నుంచి ఎవరూ కథ అడగడానికి రాలేదు. చీము ఉన్న కథ ఎవరికి కావాలి? చాయ్ హోటల్లో వాళ్ళు చెప్పుకునే కథలో మా నాయిన ఒక నవ్వులాటగా ఉండిపోయాడు, ఆయన లేకుండానే కథ నడిచింది. నాయిన చాలాకాలం అమ్మతో మాట్లాడలేదు. ఒక వానాకాలం, నేను పక్కన కూర్చుని కండెలు ఎత్తుతుంటే, ఆయనంతట ఆయనే అన్నాడు: "మీ అమ్మ జెప్పిందే నిజం. నాకెరుకలేదా? గానీ నిజం ఇనెతందుకు మనింటికి ఎవడొస్తడు బిడ్డా?"

నాయిన మీద నా కోపం ఆ మాటతో పోయింది. మిగిలిన కోపమంతా ఊరికి కేటాయించాను.

యూనియన్ మిలిటరీ వచ్చిన ఏడాది జైళ్ళ నుంచి చాలామంది బయటికి వచ్చారు. వాడూ వచ్చాడన్నారు. రాయచూరు వైపు కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని, జెండా పట్టుకుని, జైలుకు పోయిన దేశభక్తుడినని ఉపన్యాసాలు ఇస్తున్నాడని సావుకారు చెప్పాడు. నిజమో కాదో తెలియదు. ఆ మాట చెబుతుంటే సావుకారు ముఖం కొడుకు పరీక్ష నెగ్గినంతగా వెలిగిపోయింది. అప్పటికి ఆయన కూడా తెల్లటోపీ పెట్టుకునే ఉన్నాడు.

ఆ చలికాలంలోనే నాయిన పోయాడు. రెండు రోజులు జ్వరం, అంతే. చివర అమ్మ చేయి పట్టుకునే ఉన్నాడు. వాళ్ళిద్దరూ ఎప్పుడు మాట కలుపుకున్నారో నేను గమనించలేదు. మా ఇంట్లో మాటలు ఎప్పుడూ తక్కువే.

దినం నాడు, కర్మ భోజనాలకు, మా వాడంతా వచ్చింది. సావుకారూ వచ్చాడు, గౌరవమని పెద్ద విస్తరి ముందు కూర్చోబెట్టాం. నేను పప్పు వడ్డిస్తున్నాను. వరుసలో ఎవరో, "పాపం, పనోడు," అన్నారు. "పనోడే. గానీ పనితోని గాదు, డాక్టర్ సాబ్ తోని పేరొచ్చింది," అన్నాడు సావుకారు. అని ఊరుకోలేదు. మూడు వేళ్ళు ఎత్తి, గొంతు మార్చి, "ఎన్ని వేళ్ళు బాబా?" అన్నాడు. అన్నం నోట్లో పెట్టుకున్నవాళ్ళు అలాగే నవ్వారు. ఒకడికి పొలమారింది. పక్కవాడు వీపు నిమిరాడు.

లోపల వంటగదిలో అమ్మ ఉంది. వినబడే ఉంటుంది.

నేను పప్పు గిన్నె కింద పెట్టాను. "లేవుండ్రి," అన్నాను.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. "ఏందిరా?" అన్నాడు సావుకారు.

"విస్తరి ముందట కెల్లి లేవుండ్రి. మా నాయిన దినం ఇది. మీకు నవ్వొస్తే హోటల్ కు వోయి నవ్వుకోండ్రి."

తింటున్నవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపడం మా దగ్గర ఎంత పెద్ద తప్పో నాకు తెలుసు. శత్రువును కూడా అలా లేపరు. పెద్దవాళ్ళు కొందరు నా చేయి పట్టుకుని నచ్చజెప్పారు. నేను పప్పు గిన్నె మళ్ళీ ఎత్తలేదు. సావుకారు లేచాడు. ఆయన లేస్తే నూలు తీసుకునేవాళ్ళందరూ లేచారు. ఎంగిలి చేతులతోనే వాకిలి దాటారు. మిగిలింది కాంపౌండరు, మా మేనమామ, నా భార్య తరఫు ఇద్దరు. అమ్మ బయటికి వచ్చి, నా వైపు చూడకుండా, గిన్నె ఎత్తుకుని వాళ్ళకు వడ్డించింది.

సావుకారు మాకు నూలు ఆపేశాడు. ఎనిమిది నెలలు కష్టపడ్డాం. తరువాత నూలుకు ఇంకో దారి దొరికింది, మగ్గాలు మళ్ళీ నడిచాయి. ఊరు నన్ను మాత్రం క్షమించలేదు. వాడు చంపినామెను మరిచిపోయారు, వాడు గుడ్డివాళ్ళను చేసినవాళ్ళను మరిచిపోయారు, దినం నాడు నేను చేసింది మరిచిపోలేదు. "విస్తరి ముందటకెల్లి లేపినోని ఇల్లు" అని కొత్త కోడళ్ళకు మా ఇంటిని చూపించేవారు.

నాకు ఆ పేరు చాలు.